రెండు ఫైళ్ళు చాలవు, మూడోది కావాలి

(హైదరాబాద్‌లో అనువాదకులు, ప్రూఫ్‌రీడర్లు, డీటీపీ పనిచేసేవాళ్ళు, కొంతమంది ఇంజనీరింగ్ విద్యార్థులు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభలోంచి వచ్చిన ప్రశ్నల్లో రెండింటిని చివర్లో చేర్చాం.)

అందరికీ నమస్కారం.

ఇక్కడున్నవాళ్ళలో పుస్తకాల పని చేసేవాళ్ళు ఎక్కువ, ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పిల్లలు కొంతమంది. రెండు రకాలవాళ్ళనీ ఒక్కచోట కూర్చోబెట్టమని నేనే అడిగాను. ఒకరికి రోజూ ఎదురయ్యే తలనొప్పికి రెండోవాళ్ళ దగ్గర ఎన్నో ఏళ్ళుగా మందు ఉంది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు చూడండి, ఫైళ్ళ పాత కూర్పులు దాచి, పలువురి మార్పుల్ని కలిపే గిట్ అనే ప్రోగ్రామ్ నేర్పని చోటు అరుదు. అక్కణ్ణుంచి చిక్కడపల్లి ఎంత దూరం? కానీ అక్కడ డీటీపీ చేసే మనిషి దాకా ఈ విద్య ఇంకా రాలేదు.

ఒక పుస్తకం ఫైల్ ఉందనుకోండి. టైమ్ లేదని ఒకేసారి ఇద్దరికి పంపారు. ఇద్దరూ ఎవరి మటుకు వాళ్ళు దిద్ది వెనక్కి పంపారు. ఇప్పుడు ఇద్దరి దిద్దుబాట్లూ ఉన్న ఒకే ఫైల్ కావాలి. మామూలుగా ఏం చేస్తాం? రెండు ఫైళ్ళూ పక్కపక్కన తెరిచి, స్క్రీన్ మీద వేలు పెట్టి, ఒక్కో లైనూ చదువుకుంటూ పోతాం. కొన్ని పేజీల దాకా కళ్ళు మాట వింటాయి. ఆ తర్వాత రెండూ ఒకేలా కనబడడం మొదలవుతుంది. ఇంకా టైమ్ లేకపోతే, పెద్దాయన పంపిన ఫైల్ ఉంచి రెండోది పక్కన పెట్టేస్తారు. రెండో మనిషి కష్టం అంతా అక్కడితో సరి.

నాకు తెలిసిన ఒక ప్రచురణ సంస్థలో పిల్లల సైన్సు పుస్తకం తయారవుతోంది. ఇద్దరు ప్రూఫ్ చూశారు. ఒకరు పంపిన ఫైల్‌లో, స్పిరిట్ దీపంతో చేసే ప్రయోగం కింద, ‘ఈ ప్రయోగం పెద్దవాళ్ళు దగ్గరుండగానే చేయాలి’ అనే వాక్యం ఉంది. రెండో ఫైల్‌లో లేదు. కలిపే పని డీటీపీ ఆపరేటర్‌కి అప్పజెప్పారు. ఆయన ఏం చేయాలి? ఆ వాక్యం మొదట్నుంచీ ఉన్నదైతే రెండో మనిషి కావాలనే కొట్టేసినట్టు, తీసేయాలి. మొదట్లో లేనిదైతే మొదటి మనిషి కావాలనే చేర్చినట్టు, ఉంచాలి. ఆయన తీసేశారు. అచ్చుకి వెళ్ళే ముందు రచయిత్రి చూసి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

ఆఫీసులో అందరూ ఆ ఆపరేటర్ మీద పడ్డారు. నాకు ఆయన తప్పేమీ కనిపించదు. ఆయన ముందున్న రెండు ఫైళ్ళలో ఆ ప్రశ్నకి జవాబు లేనే లేదు. ఎంత అనుభవం ఉన్న మనిషైనా, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా, ఆ రెండే చేతికిస్తే చెప్పలేదు. జవాబు ఉన్నది మూడో ఫైల్‌లో, అంటే ఇద్దరికీ పంపిన మొదటి ప్రతిలో. దాన్ని ఎవరూ దాచలేదు. ఇద్దరూ దాని మీదే దిద్ది, అదే పేరుతో సేవ్ చేసి పంపారు. పంపిన ఆఫీసులో దాని మీదికి కొత్తది వచ్చి పడింది.

ఈరోజు నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఆ మూడో ఫైల్ గురించే. అయితే అక్కడికి వెళ్ళాలంటే ముందు రెండు ఫైళ్ళని కంప్యూటర్ ఎలా పోలుస్తుందో తెలియాలి.

ఈ పని చేసే ప్రోగ్రామ్‌ని డిఫ్ అంటారు. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ చేతిలో తయారైంది, 1974లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఐదో ఎడిషన్‌తో బయటికి వచ్చింది. దాని లోపలి పద్ధతిని 1976లో జేమ్స్ హంట్, మెకిల్‌రాయ్ కలిసి ఒక నివేదికగా రాశారు. ఇవాళ రంగురంగుల్లో తేడాలు చూపించే సాఫ్ట్‌వేర్లన్నిటికీ పునాది అక్కడ పడింది.

ఆ పద్ధతి నాకు ఎప్పుడు చూసినా అందంగా అనిపిస్తుంది. అది తేడాల కోసం వెతకదు. రెండు ఫైళ్ళలో మారకుండా మిగిలినది ఏమిటో వెతుకుతుంది. మొదటి ఫైల్‌లో ఐదు లైన్లు ఉన్నాయనుకోండి: అ, ఆ, ఇ, ఈ, ఉ. రెండో ఫైల్‌లో: అ, ఇ, ఈ, ఊ, ఉ. మనం పైనుంచి కిందికి ఒక్కో లైనూ ఎదురెదురుగా పెట్టుకుంటే రెండో లైన్ దగ్గరే ‘ఆ’ ఎదురుగా ‘ఇ’ వస్తుంది. తర్వాత ‘ఇ’ ఎదురుగా ‘ఈ’. ఆ తర్వాత ‘ఈ’ ఎదురుగా ‘ఊ’. మూడు లైన్లు తప్పు అనిపిస్తుంది. డిఫ్ ఏం చేస్తుందంటే, రెండింట్లోనూ అదే వరసలో వచ్చే లైన్లు ఏవో, వాటిలో అన్నిటికంటే పొడవైన వరస ఏదో కనిపెడుతుంది. ఇక్కడ అది అ, ఇ, ఈ, ఉ. ఆ నాలుగూ కదలవు. ఇక మిగిలింది ‘ఆ’ తీసేశారు, ‘ఊ’ చేర్చారు. రెండే మార్పులు. నిజంగా మనిషి చేసింది కూడా అంతే.

పెద్ద ఫైళ్ళకి ఇది త్వరగా తేలాలి. దానికి యూజీన్ మయర్స్ 1986లో ఒక పద్ధతి ప్రచురించారు. తేడాలు ఎంత తక్కువగా ఉంటే అంత త్వరగా తేల్చేస్తుంది. గిట్ ఇప్పటికీ మామూలుగా వాడేది దాన్నే. పాటల పుస్తకాలు చేసేవాళ్ళకి ఇక్కడొక మాట. ప్రతి చరణం తర్వాతా అదే పల్లవి వస్తుంటే ఈ పద్ధతి కొన్నిసార్లు ఒక పల్లవికి ఇంకో పల్లవిని జత చేసి, మధ్యలో చరణాన్ని అడ్డదిడ్డంగా విరిచి చూపిస్తుంది. బిట్‌టొరెంట్ అనే ఫైళ్ళు పంచుకునే పద్ధతి తయారుచేసిన బ్రామ్ కోహెన్ దీనికి పేషన్స్ డిఫ్ అని వేరే దారి చూపించారు. ఫైల్‌లో ఒక్కసారే వచ్చే లైన్లని ముందు పట్టుకుని, వాటి ఆధారంగా మిగతావి సర్దుతుంది. గిట్‌లో ఆ ఆప్షన్ ఉంది. పల్లవులున్న చోట వాడి చూడండి.

డిఫ్‌కి లైన్ అంటే ఏమిటో గుర్తుంచుకోవాలి. ఎంటర్ కొట్టినదాకా ఒక లైన్. ప్రోగ్రామ్‌లో ఒక్కో లైన్‌లో ఒక్కో ఆదేశం ఉంటుంది కాబట్టి వాళ్ళకి బాగా కుదిరింది. మనం పేరా మొత్తం రాశాకగానీ ఎంటర్ కొట్టం. పదిహేను వాక్యాల పేరాలో ఒక కామా మారిస్తే, డిఫ్ దృష్టిలో పేరా అంతా మారినట్టే. ఇద్దరు ప్రూఫ్‌రీడర్లు అదే పేరాలో వేర్వేరు వాక్యాలు దిద్దినా, ఒకే లైన్ మీద గొడవ పడ్డట్టు లెక్క. అందుకే నేను అందరికీ చెప్పేది: ముడి ప్రతి తయారుచేసేటప్పుడు వాక్యానికో లైన్ పెట్టండి. పేరాకీ పేరాకీ మధ్య ఖాళీ లైన్ వదలండి. పేజీలు పెట్టేటప్పుడు లైన్లు కలపడం చిన్న పని. ఇలా రాస్తే ఇంకో లాభం కూడా ఉంది, ఏ వాక్యం మరీ పొడవైపోయిందో కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

డిఫ్ తేల్చిన తేడాల చిట్టానే ఒక ఫైల్‌గా పంపించి, అవతలివాళ్ళ దగ్గరున్న ప్రతికి అతికించవచ్చు. ఆ అతికించే ప్రోగ్రామ్ పేరు ప్యాచ్, 1985లో లారీ వాల్ రాశారు. చిట్టాలో ప్రతి మార్పుకీ పైనా కిందా మారని లైన్లు కొన్ని ఉంటాయి, మామూలుగా మూడేసి. అందువల్ల అవతలి ప్రతిలో లైన్ల నెంబర్లు కాస్త జరిగిపోయినా సరైన చోటు పట్టుకుంటుంది. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ లాంటి పెద్ద పని ఏళ్ళ తరబడి ఇలా ఈమెయిల్‌లో వచ్చిన చిట్టాలతోనే నడిచింది. గిట్ వచ్చింది 2005లో.

ఇప్పుడు మూడో ఫైల్ దగ్గరికి వద్దాం. దీనికి కూడా పాత ప్రోగ్రామే ఉంది, డిఫ్3. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో ఎడిషన్‌లోనే ఉంది. దానికి మూడు ఫైళ్ళు ఇవ్వాలి: మూల ప్రతి, మొదటి మనిషి దిద్దింది, రెండో మనిషి దిద్దింది. అది ప్రతి చోటా మూల ప్రతిని అడుగుతుంది. ఇక్కడ మొదటి మనిషి మార్చాడా? రెండో మనిషి మార్చాడా? ఒక్కరే మార్చి ఉంటే ఆ మార్పు తీసుకుంటుంది. ఇద్దరూ ముట్టుకోకపోతే ఉన్నది ఉంచుతుంది. ఇద్దరూ ఒకేలా మార్చి ఉంటే అదీ ఇబ్బంది లేదు. ఇద్దరూ ఒకే చోట వేర్వేరుగా మార్చి ఉంటేనే ఆగి, మనల్ని పిలుస్తుంది. స్పిరిట్ దీపం వాక్యం సంగతి చూడండి. మూల ప్రతిలో అది లేదు, ఒకరు చేర్చారు, రెండోవారు అక్కడ ఏమీ ముట్టుకోలేదు. మనిషిని అడగాల్సిన అవసరమే లేకుండా వాక్యం నిలబడేది.

వికీపీడియాలో రాసేవాళ్ళకి ఇది తెలియకుండానే అనుభవం. తెలుగు వికీపీడియాలో ఒకే వ్యాసాన్ని ఇద్దరు ఒకేసారి తెరిచి, ఒకరు పై పేరా, ఒకరు కింది పేరా దిద్ది సేవ్ చేస్తే, చాలాసార్లు ఎవరికీ ఏమీ తెలియకుండానే రెండూ కలిసిపోతాయి. వికీపీడియాని నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్ వెనకాల ఈ డిఫ్3నే పిలుస్తుంది. కలపలేనప్పుడు మాత్రమే ‘దిద్దుబాటు ఘర్షణ’ అనే పేజీ వస్తుంది. అక్కడ పాత కూర్పులన్నీ ‘చరిత్ర’లో భద్రంగా ఉంటాయి కాబట్టే ఇదంతా సాధ్యం.

ఘర్షణ వచ్చినప్పుడు గిట్ ఏం చేస్తుందో పుస్తకాలవాళ్ళ కోసం చెప్తాను. ఫైల్‌లో ఆ చోట ఏడు బాణపు మొనల గుర్తులు పెట్టి, ఒకరి పాఠం రాసి, ఏడు ఈక్వల్ టు గుర్తులు పెట్టి, రెండోవారి పాఠం రాసి, మళ్ళీ ఏడు మొనలతో మూసేస్తుంది. ఆ గుర్తులు చూసి బెదరొద్దు. ‘ఇక్కడ నేను నిర్ణయించను, మీరు చూడండి’ అని అర్థం. మీ మార్పులేవీ పోలేదు, రెండూ అక్కడే ఉన్నాయి. అయితే మామూలుగా గిట్ మీకు ఆ రెండు పాఠాలే చూపిస్తుంది, మూల పాఠం చూపించదు. ఇది నాకు ఎప్పుడూ నచ్చదు. కాన్‌ఫ్లిక్ట్ స్టైల్ అనే సెట్టింగ్‌ని డిఫ్3 అని మార్చండి. అప్పుడు మధ్యలో ఏడు నిలువు గీతల కింద మూల పాఠం కూడా వస్తుంది. అది కనబడ్డాక సగం ఘర్షణలు చదవగానే తేలిపోతాయి. ఒకరు ‘పెద్ద’ని ‘భారీ’ చేశారు, ఇంకొకరు వాక్యమే తిరగరాశారు. ఎవరు ఏ ఉద్దేశంతో ముట్టుకున్నారో మూలం చూస్తేనే అర్థమవుతుంది. ఇంకో సంగతి, ఇద్దరు మార్చినవి వేర్వేరు లైన్లే అయినా, అవి మధ్యలో ఖాళీ లేకుండా పక్కపక్కనే ఉంటే గిట్ దాన్నీ ఘర్షణగానే చూస్తుంది. అతిజాగ్రత్త అనిపించవచ్చు. నేను మాత్రం సమర్థిస్తాను, పక్కపక్క వాక్యాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి.

ఘర్షణ రాలేదు కాబట్టి అంతా బాగానే ఉంది అనుకుంటే మాత్రం దెబ్బ తింటాం. మన అపార్ట్‌మెంట్లలో లిఫ్ట్ పక్కన అతికించే నోటీసు తీసుకుందాం. మూల ప్రతి ఇలా ఉంది:

మంజీర నీళ్ళు మంగళవారం రావు.
పైప్‌లైన్ రిపేర్ జరుగుతోంది.
ట్యాంకర్ కావాల్సినవాళ్ళు వాచ్‌మన్‌కి చెప్పండి.
మధ్యాహ్నం బోరు మోటార్ వేయరు.

సెక్రటరీ గారికి రిపేర్ ఒకరోజు ముందే అని ఫోన్ వచ్చింది. మొదటి లైన్‌లో మంగళవారాన్ని సోమవారం చేశారు. అదే సమయంలో ట్రెజరర్ గారు తన దగ్గరున్న ప్రతిలో చివర ఒక లైన్ చేర్చారు: ‘సోమవారం రాత్రే నీళ్ళు పట్టి పెట్టుకోండి.’ ఇద్దరూ ముట్టుకున్న చోట్లు దూరం దూరం. సాఫ్ట్‌వేర్ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా కలిపేస్తుంది. కలిపిన నోటీసు చదవండి. సోమవారం నీళ్ళు రావు, సోమవారం రాత్రే నీళ్ళు పట్టుకోండి. ఎవరి మార్పు వాళ్ళ మటుకు సరైనదే. నోటీసు మాత్రం తప్పు.

ప్రోగ్రామర్లకి దీని కోసం పరీక్షలు ఉంటాయి. కలిపాక ప్రోగ్రామ్‌ని నడిపి చూస్తారు, తప్పుంటే చాలాసార్లు అక్కడ దొరుకుతుంది. తెలుగు వాక్యాన్ని నడిపి చూసే యంత్రం లేదు. కలిపిన ప్రతిని ఒక మనిషి మొదట్నుంచీ చివరిదాకా చదవాలి. ఆ పనికి టైమ్, డబ్బు రెండూ కేటాయించాలని పబ్లిషర్లకి గట్టిగా చెప్పండి.

ఈ పోల్చి చూసే విద్య మన దగ్గర కొత్తదేమీ కాదు. తాళపత్ర ప్రతులు పరిష్కరించిన పండితులు చేసిందంతా ఇదే. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల ప్రతులు ఎక్కడెక్కణ్ణుంచో తెప్పించి, పండితుల చేత ఒకదానితో ఒకటి పోల్పించి, 1829లో అచ్చు వేయించారు. కడపలో సొంత ఖర్చుతో పండితుల్ని పెట్టుకుని కావ్యాల మీద కూడా ఇదే పని చేయించారు. ఒక ప్రతిలో ఉన్న పద్యం ఇంకో ప్రతిలో లేకపోతే, అది కవి రాసిందా, రాయసకాడు చేర్చిందా, లేక ఇంకో రాయసకాడు వదిలేసిందా? సైన్సు పుస్తకంలో ఆపరేటర్‌కి వచ్చిన ప్రశ్నే. కవి స్వహస్తంతో రాసిన ప్రతి ఎక్కడా లేదు. ఉన్న ప్రతుల్ని బట్టి, ఛందస్సుని బట్టి, కవి ధోరణిని బట్టి పోయిన మూలాన్ని ఊహించుకోవాల్సి వచ్చింది. ఒక్కో పద్యం దగ్గర రోజులు గడిచేవి. వాళ్ళకి మూల ప్రతి దొరికి ఉంటే కళ్ళకద్దుకునేవాళ్ళు. మన దగ్గర మూల ప్రతి ఉంది. నిన్నటిదాకా ఉంది. మనమే దాని మీద సేవ్ కొట్టేస్తున్నాం. నాకు బాధ కలిగేది ఇక్కడే.

ఇక తెలుగుకే ప్రత్యేకమైన చిక్కులు. ఇవి ఇంగ్లీష్ ట్యుటోరియల్స్‌లో దొరకవు కాబట్టి కాస్త ఆగి చెప్తాను.

డిఫ్ రెండు లైన్లు వేరని చూపిస్తుంది. మీరు ఎంత చూసినా రెండూ ఒకేలా ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌కి పిచ్చి పట్టిందనుకుంటారు. పట్టలేదు. ‘హైదరాబాద్‌లో’ అని టైప్ చేసినప్పుడు పొల్లు ద్ తర్వాత లో వచ్చి దానికి ఒత్తుగా అతుక్కోకుండా, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. తర్వాత ఎవరో ‘లో’ చెరిపేసి ‘హైదరాబాద్’ అని వదిలేశారు. ఆ గుర్తు మాత్రం ద్ వెనకాలే ఉండిపోయింది. మీ కంటికి ఆ మాటా, మామూలు హైదరాబాద్ అనే మాటా ఒకటే. కంప్యూటర్‌కి రెండు వేర్వేరు మాటలు. ఫైండ్ కొట్టినా ఒక్కోసారి దొరకదు. పోల్చే ముందు మాట చివర మిగిలిపోయిన ఈ గుర్తుల్ని తీసేయాలి, మాట మధ్యలో ఉన్నవాటిని ఉంచాలి. అన్నీ ఒక్క దెబ్బకి తీసేస్తే ‘సాఫ్ట్‌వేర్’లో ట కింద వ ఒత్తు వచ్చి కూర్చుంటుంది.

ఇంకోటి, సున్న. అనుస్వారం వేరు, తెలుగు అంకె సున్న వేరు. కొంతమంది కీబోర్డులో అంకె సున్న దొరికితే దాన్నే వాడేస్తారు. ‘సంతకం’, ‘స౦తకం’ ఈ రెండు మాటల్లో రెండోదాంట్లో మొదటి సున్న అంకె. చాలా ఫాంట్లలో తేడా తెలియదు, డిఫ్ మాత్రం వదలదు. ఐత్వం కూడా అంతే. ‘పైన’ అన్నప్పుడు ప మీది ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వమూ దాని కిందికి వచ్చే గుర్తూ విడివిడిగా కూడా రాయొచ్చు. రెండూ సమానమే అని యూనికోడ్, అంటే ప్రతి అక్షరానికీ ఒక సంకేతం నిర్ణయించే ప్రమాణం, చెబుతోంది. మామూలు డిఫ్ ఆ సమానత్వాన్ని పట్టించుకోదు, బైట్లు ఒకటైతేనే ఒకటి అంటుంది. ఫైళ్ళు రెండింటినీ ముందు నార్మలైజ్ చేసి, అంటే ఒకే రూపంలోకి మార్చి, అప్పుడు పోల్చాలి.

తేడాని అక్షరం స్థాయిలో చూపించే సాఫ్ట్‌వేర్లలో ఇంకో అవస్థ. ‘తెలుగు’ మనకి మూడు అక్షరాలు. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, ఆ సంకేతాల్ని ఫైల్‌లో దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో పద్దెనిమిది బైట్లు. ఎవరైనా ‘తెలుగు’ని ‘తెలుగో’ చేస్తే, సాఫ్ట్‌వేర్ గ ని వదిలేసి కొమ్మునీ ఓత్వాన్నీ మాత్రమే రంగు వేసి చూపించాలని చూస్తుంది. అప్పుడు గుణింతం విడిపోయి చుక్కల వలయం మీద తేలుతుంది. చదవలేం. సెట్టింగుల్లో పదం స్థాయి పోలిక పెట్టుకోండి. గిట్‌లో వర్డ్ డిఫ్ అనే ఆప్షన్ మామూలుగా ఖాళీల దగ్గరే పదాల్ని విడదీస్తుంది కాబట్టి తెలుగుకి బాగా నప్పుతుంది.

అనూ ఫాంట్లలో చేసిన పాత ఫైళ్ళు ఇప్పటికీ మన ప్రెస్సుల్లో ఉన్నాయి. వాటిలో ఉన్నది తెలుగు సంకేతాలు కావు, ఫాంట్ తీసేస్తే ఇంగ్లీష్ అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. రెండు ప్రతుల్నీ యూనికోడ్‌లోకి మార్చి పోల్చండి, రెండింటికీ ఒకే కన్వర్టర్ వాడండి. కన్వర్టర్ చేసే తప్పులు రెండు వైపులా ఒకేలా వస్తాయి కాబట్టి పోలికలో అడ్డం రావు.

ఫైల్ మొత్తం ఎర్రబడి, ప్రతి లైనూ మారిందని చూపిస్తే టెన్షన్ పడొద్దు. ఒకరు విండోస్‌లో, ఒకరు లైనక్స్‌లో సేవ్ చేసి ఉంటారు, లైన్ చివరి గుర్తులు వేరు. దాన్ని పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్ చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. గిట్ మీ తెలుగు ఫైల్‌ని బైనరీ, అంటే అక్షరాల ఫైల్ కాదు, అని చెప్పి తేడా చూపించకపోతే, పాత నోట్‌ప్యాడ్‌లో ‘యూనికోడ్’ అని ఎంచుకుని సేవ్ చేసి ఉంటారు. అది యూటీఎఫ్-16 అనే వేరే పద్ధతి. యూటీఎఫ్-8లో మళ్ళీ సేవ్ చేస్తే సరి.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం సాఫ్ట్‌వేర్ తీర్చలేనిది. ఒక ప్రూఫ్‌రీడర్‌కి ‘నీళ్ళు, వాళ్ళు, ఇళ్ళు’ ఇలా ళ కింద ళ ఒత్తు అలవాటు. సంస్థ పద్ధతి ‘నీళ్లు, వాళ్లు, ఇళ్లు’. ఆవిడ పుస్తకం అంతా రీప్లేస్ కొట్టి, దాంతోపాటే విషయం కూడా దిద్ది పంపారు. రెండో ప్రూఫ్‌రీడర్ విషయం మాత్రమే దిద్దారు. ఏ పేజీలో చూసినా వాళ్ళు, నీళ్ళు ఉంటాయి కదా. కలపబోతే అడుగడుగునా ఘర్షణే. అసలు చూడాల్సిన నాలుగు మార్పులు ఆ వందల్లో మునిగిపోతాయి. వర్ణక్రమం, ఖాళీలు, కొటేషన్ గుర్తులు, ‘చెయ్యాలి’ని ‘చేయాలి’ చేయడం, ఇలాంటివన్నీ ప్రతి బయటికి పంపకముందే ఒక్కరే చేసేయాలి. అలా శుభ్రమైన ప్రతిని మూల ప్రతిగా పెట్టుకుని అప్పుడు ఇద్దరికీ పంపాలి. ప్రోగ్రామర్లు కోడ్ అలంకరణ మార్పుల్నీ అసలు మార్పుల్నీ ఒకే కమిట్‌లో, అంటే ఒకసారి దాచే మార్పుల మూటలో, కలపొద్దు అని ఎందుకు పోరు పెడతారో, కారణం ఇదే.

పేరాని ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరపడం కూడా ప్రమాదమే. డిఫ్‌కి జరపడం అనేది తెలియదు, ఇక్కడ తీసేశారు, అక్కడ చేర్చారు అనే తెలుసు. మీరు పేరా జరిపారు, అవతలివాళ్ళు అదే పేరాలో దిద్దారు. వాళ్ళ దిద్దుబాటు పాత చోటికి వచ్చి, అక్కడ పేరా లేక వేలాడుతుంది. జరిపే పని ఉంటే ముందు అందరికీ చెప్పి, విడిగా చేయండి.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని అడుగుతారు. విండోస్‌లో విన్‌మెర్జ్ ఉచితం, మొదలుపెట్టడానికి చాలు. లైనక్స్‌లో మెల్డ్ ఉంది. కేడిఫ్3 మూడు ఫైళ్ళని పక్కపక్కన పెట్టి, కింద కలిపిన ఫలితం చూపిస్తుంది. మూల ప్రతి విలువ కళ్ళారా చూడాలంటే దాన్ని ఒకసారి తెరవండి. బియాండ్ కంపేర్ డబ్బు పెట్టి కొనాలి, మంచిది. కోడ్ రాసే పిల్లల దగ్గర వీఎస్ కోడ్ ఎలాగూ ఉంటుంది, అందులోనే పోల్చొచ్చు.

వర్డ్ ఫైళ్ళు వీటికి నేరుగా ఎక్కవు. డాక్స్ ఫైల్ అంటే లోపల చాలా ఫైళ్ళు కట్టి ఉంచిన జిప్. వర్డ్‌లోనే రివ్యూ ట్యాబ్‌లో కంపేర్, కంబైన్ ఉన్నాయి, అవి వాడండి. అంతకంటే ముఖ్యం, దిద్దడానికి పంపేటప్పుడే ట్రాక్ చేంజెస్ ఆన్ చేసి పంపండి. అది ఆన్‌లో ఉన్నంతసేపు కొట్టేసిన మాట కూడా ఫైల్‌లోనే ఉంటుంది. అంటే మూల ప్రతి ఆ ఫైల్ కడుపులోనే ఉన్నట్టు. చాలామంది ప్రూఫ్‌రీడర్లు గజిబిజిగా ఉందని దాన్ని ఆఫ్ చేసేస్తారు, లేదా పంపే ముందు అన్నీ యాక్సెప్ట్ కొట్టేస్తారు. దయచేసి అలా చేయొద్దు. చూపు మాత్రం మార్చుకోండి, గుర్తులు కనిపించకుండా దిద్దే వీలు వర్డ్‌లోనే ఉంది.

గిట్ నేర్చుకోలేనివాళ్ళు ఒక్క అలవాటు చేసుకున్నా చాలు. ఫైల్ బయటికి పంపే క్షణంలో దాని ప్రతి ఒకటి తీసి, తేదీతో పేరు పెట్టి, వేరే ఫోల్డర్‌లో పెట్టి, ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ టిక్ పెట్టేయండి. అందరికీ పంపేది ఆ ప్రతినే. ఎవరైనా మధ్యలో చేరితే వాళ్ళకీ అదే పంపాలి, అప్పటికి సగం దిద్దింది పంపకూడదు. అందరూ ఒకే చోట మొదలుపెట్టకపోతే మూల ప్రతి ఉన్నా లాభం ఉండదు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: మూల ప్రతి ఇప్పటికే పోయింది సార్. రెండు దిద్దిన ఫైళ్ళు మాత్రమే ఉన్నాయి. ఏం చేయాలి?)

ముందు వెతకండి అమ్మా. మొదట పంపిన ఈమెయిల్ మీ సెంట్ ఫోల్డర్‌లో ఉంటుంది, దానికి జత చేసిన ఫైల్ మూల ప్రతే. వాట్సాప్‌లో పంపి ఉంటే ఆ చాట్‌లో పైకి వెళ్ళండి. గూగుల్ డాక్స్‌లో అయితే వెర్షన్ హిస్టరీ ఉంది. పది మందిలో ఎవరో ఒకరి దగ్గర ముట్టుకోని ప్రతి దొరుకుతుంది. ఎక్కడా దొరక్కపోతే రెండు ఫైళ్ళనీ పోల్చి, తేడాల జాబితా తీసి, ఇద్దరు ప్రూఫ్‌రీడర్లనీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒక్కోటీ అడగండి. మీ అంతట మీరు ఊహించి కలపొద్దు.

(సభలోంచి, ఒక విద్యార్థి: ఈ పనంతా ఏఐకి ఇచ్చేస్తే అయిపోదా అన్నా?)

ఇవ్వొచ్చు తమ్ముడూ. ఘర్షణ వచ్చిన చోట రెండు పాఠాలూ కలిపి ఒక మంచి వాక్యం సూచించమంటే బాగానే సూచిస్తుంది. మంజీర నోటీసు లాంటి తప్పుని కూడా పట్టుకోవచ్చు, అది డిఫ్ వల్ల కాదు. కానీ డిఫ్ నువ్వు అడగనిది ఒక్క చుక్క కూడా మార్చదు. ఏఐకి మొత్తం అధ్యాయం ఇచ్చి కలపమంటే, నువ్వు చెప్పని చోట ‘చెప్పింది’ని ‘అన్నది’ చేయొచ్చు, ఒక వాక్యం వదిలేయొచ్చు. చదువుతుంటే సాఫీగా ఉంటుంది కాబట్టి నీకు అనుమానం కూడా రాదు. ఇస్తే మూడు ఫైళ్ళూ ఇవ్వు. అది వెనక్కి ఇచ్చినదాన్ని మళ్ళీ మూల ప్రతితో డిఫ్ వేయి. ఇద్దరు ప్రూఫ్‌రీడర్లూ ముట్టుకోని లైన్ ఏదైనా రంగులో కనబడితే, అది మారింది యంత్రం చేతిలో. ఆ లైన్‌కి మూలంలో ఉన్నదే తిరిగి పెట్టు.